లినక్స్ వేసిన లాప్‌టాప్‌లోకి కంపెనీ ఇచ్చిన విండోస్‌ను తిరిగి తెచ్చుకోవడం

విశాఖపట్నంలో మధురవాడ వైపు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చదువుతున్న మా మేనల్లుడు ఒక శుక్రవారం రాత్రి ఫోన్ చేసి, "మావయ్యా, సోమవారం ప్లేస్‌మెంట్ పరీక్ష ఉంది, వాళ్లిచ్చిన పరీక్ష సాఫ్ట్‌వేరు విండోస్‌లో తప్ప తెరుచుకోదట, నేనేమో డిస్కు మొత్తం చెరిపేసి ఉబుంటు అనే లినక్స్ వేసేశాను" అన్నాడు. పొద్దున్నే ద్వారకానగర్ తీసుకువెళ్లి ఏదో ఒక షాపులో విండోస్ వేయించేస్తానన్నాడు. వద్దని చెప్పి, లాప్‌టాప్, చార్జరు, ఒక పెన్‌డ్రైవ్ పట్టుకుని సీతమ్మధారలోని మా ఇంటికి రమ్మన్నాను. ఎందుకంటే కొన్నేళ్ల క్రితం నేనూ అలాగే ఒక షాపులో ఇచ్చాను. నా లాప్‌టాప్‌తోపాటు వచ్చిన అసలైన విండోస్ హోమ్ లైసెన్సు దాని లోపలే భద్రంగా ఉండగా, అతను దాన్ని పట్టించుకోకుండా దొంగ విండోస్ ప్రో వేసి, డబ్బు తీసుకుని, చేతికిచ్చి పంపాడు. ఆరు నెలలకు తెర మూలన యాక్టివేట్ చేసుకోమనే మసక అక్షరాలు కనిపించేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు.

విండోస్‌ను వెనక్కి తెచ్చుకోవాలనుకునే వారు సాధారణంగా చేసే పొరపాటు తొందరపాటు. లినక్స్‌ను ముందు తుడిచేసి, ఆ తరువాత విండోస్ కోసం వెతుకుతారు. నిజానికి ఈ పనిలో ముప్పాతిక వంతు లినక్స్ నడుస్తుండగానే, దాని సాయంతోనే పూర్తి చేసుకోవచ్చు. డిస్కులో ఏం మిగిలిందో చూడడం, లైసెన్సు ఉందో లేదో తేల్చుకోవడం, ఫైళ్లు పక్కకు తీసుకోవడం, పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవడం అన్నీ అక్కడే అవుతాయి. వాటి తరువాత విండోస్ వేయడం అన్నది గంటసేపు తెర వంక చూస్తూ కూర్చునే పని మాత్రమే. ఈ వ్యాసంలో ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను, టైపు చేసేటప్పుడు మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాలలో కొట్టాలి.

డిస్కులో ఏం మిగిలింది

ఉబుంటులోనైనా, మరో లినక్స్ రకమైన మింట్‌లోనైనా డిస్క్స్ అనే అప్లికేషన్ ఉంటుంది. దానిని తెరిచి లోపలి డిస్కును ఎంచుకుంటే పార్టిషన్లన్నీ, అంటే డిస్కును విడగొట్టిన భాగాలన్నీ, పక్కపక్కనే పట్టీలా కనిపిస్తాయి. అందులో విండోస్ వాడే ఫార్మాటైన ఎన్‌టీఎఫ్‌ఎస్ అని రాసి ఉన్న పెద్ద భాగం కనిపిస్తే మీ విండోస్ ఇంకా బతికే ఉందని, లినక్స్‌ను దాని పక్కన వేసుకున్నారని అర్థం. ఆ పెద్ద భాగం లేకుండా, చివరన కొన్ని జీబీల నుంచి ఇరవై జీబీల దాకా ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ భాగం ఒక్కటే ఉంటే, అది విండోస్‌ను తిరిగి వేయడానికి కంపెనీ వారు పెట్టిన రికవరీ పార్టిషన్ అయి ఉండే అవకాశం ఉంది. లాప్‌టాప్‌ను మొదలుపెట్టే బూట్ ఫైళ్లుండే ఒక చిన్న ఈఎఫ్‌ఐ భాగం, లినక్స్ ఫార్మాటైన ఎక్స్‌ట్4తో ఒక పెద్ద భాగం తప్ప మరేమీ లేకపోతే డిస్కంతా లినక్స్‌దే, మా మేనల్లుడి లాప్‌టాప్ పరిస్థితి ఇదే. ఈ మూడింటిలో మీది ఏదో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే మొదటి పరిస్థితిలో ఉన్నవారు విండోస్‌ను తిరిగి వేయనక్కరలేదు, లినక్స్‌ను తీసేస్తే చాలు.

రికవరీ పార్టిషన్ మిగిలిన వారు లాప్‌టాప్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేసే క్షణంలో ఆ కంపెనీ నిర్ణయించిన మీటను నొక్కి చూడవచ్చు. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో కలిపి ఎఫ్10, చాలా ఆసుస్ మోడళ్లలో ఎఫ్9, లెనోవో ఐడియాప్యాడ్‌లలో పక్కన సూది దూరేంత రంధ్రంలో ఉండే నోవో బటన్. అయితే ఆ మీట నొక్కగానే పలికే బూట్ ఫైళ్లు ఈఎఫ్‌ఐ భాగంలో ఉంటాయి కాబట్టి, లినక్స్ వేసేటప్పుడు ఆ భాగాన్ని కూడా ఫార్మాట్ చేసి ఉంటే రికవరీ పార్టిషన్ చెక్కుచెదరకుండా ఉన్నా మీట పనిచేయదు. రెండు మూడు సార్లు ప్రయత్నించి వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. పైగా అది తెరిచినా లాప్‌టాప్ కొన్ననాటి పాత విండోస్‌నే తెచ్చిపెడుతుంది, దానితోపాటు కంపెనీ అంటగట్టిన ట్రయల్ సాఫ్ట్‌వేర్లన్నీ వస్తాయి, ఆపైన అప్‌డేట్లు ఒక పూటంతా దిగుతాయి.

లైసెన్సు ఎక్కడ ఉంటుంది

2012లో విండోస్ 8 వచ్చిన నాటి నుంచి కంపెనీలు విండోస్‌తో అమ్మే లాప్‌టాప్‌లలో లైసెన్సుకు గుర్తయిన ప్రోడక్ట్ కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే, అంటే దాని మూల సాఫ్ట్‌వేరులోనే, రాసి పెడుతున్నారు. డిస్కును చెరిపినా, పూర్తిగా మార్చేసినా ఆ కీ చెదరదు. అంతకు ముందు విండోస్ 7 కాలంలో అడుగున అంటించిన స్టిక్కరు మీద ఉండేది, అది అరచేతి చెమటకు, బ్యాగు రాపిడికి అరిగిపోయేది. ఇప్పుడు దాన్ని లినక్స్ నుంచే చూడవచ్చు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి సుడో, క్యాట్ అని రాసి, ఖాళీ వదిలి, ఒక ఫైలు చిరునామా ఇవ్వాలి. ఆ చిరునామాలో వరుసగా సిస్, ఫర్మ్‌వేర్, ఏసీపీఐ, టేబుల్స్, ఎంఎస్‌డీఎం అనే ఐదు పేర్లు, ఒక్కొక్క పేరుకు ముందు ఒక ముందుకు వాలిన గీత ఉంటాయి. చివరి పేరు మాత్రమే పెద్ద అక్షరాలు, మిగిలినవన్నీ చిన్నవి. పాస్‌వర్డ్ అడిగి ఇచ్చాక కొన్ని పిచ్చి గుర్తులు, వాటి చివర ఐదేసి అక్షరాల చొప్పున ఐదు గుంపులు, మొత్తం 25 అక్షరాలు కనిపిస్తాయి. అదే మీ విండోస్ కీ. దానిని కాగితం మీద రాసుకోవాలి, ఫోన్‌లో ఫొటో తీసి గ్రూపులో మాత్రం పెట్టకూడదు.

అలాంటి ఫైలే లేదని టెర్మినల్ చెబితే కంగారు పడకుండా రెండు సంగతులు గుర్తు చేసుకోవాలి. ఒకటి, మన దగ్గర ధర తగ్గించడానికి విండోస్ లేకుండా డాస్‌తోనో ఉబుంటుతోనో అమ్మిన లాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. కొన్నప్పుడు బిల్లు మీద డాస్ అని ఉంటే దానికి విండోస్ లైసెన్సు మొదటి నుంచీ లేదు, తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ లేదు, కొత్తగా కొనుక్కోవలసిందే. రెండు, పాత విండోస్ 7 లాప్‌టాప్‌ను ఎప్పుడో ఉచితంగా విండోస్ 10కి మార్చుకుని ఉంటే, ఆ లైసెన్సు మదర్‌బోర్డు గుర్తులతో ముడిపడి మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదై ఉంటుంది. వేసేటప్పుడు కీ లేదని చెప్పి అదే ఎడిషన్ ఎంచుకుంటే ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. అప్పట్లో మార్చుకోకుండా ఉండిపోయిన వారికి ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు, పాత 7, 8 కీలతో 10, 11లను యాక్టివేట్ చేసుకునే దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది.

ఎడిషన్ గురించి ఒక మాట. మన దేశంలో అమ్మే చాలా లాప్‌టాప్‌లలో ఉండేది విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్. పేరు చూసి తక్కువ రకమనుకుని ప్రో ఎంచుకున్నవారు తరువాత యాక్టివేషన్ కాక షాపుల చుట్టూ తిరుగుతారు. కీ ఏ ఎడిషన్‌దో ఆ ఎడిషనే వేయాలి.

ఏ విండోస్ వేయాలన్నది తరువాతి ప్రశ్న. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 10తో వచ్చిన లాప్‌టాప్ లైసెన్సు 11కి కూడా చెల్లుతుంది కాబట్టి, యంత్రం ఒప్పుకుంటే 11 వేయడమే మేలు. ఒప్పుకోవడమంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా ఫర్మ్‌వేర్‌తోపాటు నమ్మకమైన సాఫ్ట్‌వేరునే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ సదుపాయం, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, జాబితాలో ఉన్న ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్‌లో అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి.

ఫైళ్లను పక్కకు తీసుకోవడం

విండోస్ ఎక్స్‌ట్4 డిస్కులను నేరుగా చదవలేదు. అందువల్ల లినక్స్ భాగాన్ని అలాగే ఉంచి తరువాత తీసుకుందామనుకోవడం కుదరదు, హోమ్ ఫోల్డరులో కావలసినవన్నీ లినక్స్, విండోస్ రెండూ చదవగల ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాటులో ఉన్న బయటి హార్డ్‌డిస్కులోకి ముందే కాపీ చేసుకోవాలి. కంట్రోల్‌తో కలిపి హెచ్ నొక్కితే చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లు బయటపడతాయి. ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు వాటిలోనే ఉంటాయి.

మా మేనల్లుడి ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడు మధ్యలో ఆగి, ఫలానా ఫైలును రాయలేకపోతున్నానని తెర మీద సందేశం వచ్చింది. చూస్తే అతని ల్యాబ్ ప్రోగ్రాములు రాసిన లాగ్ ఫైళ్ల పేర్లలో సమయం ఉంది, గంటలకూ నిమిషాలకూ మధ్య రెండు చుక్కల గుర్తు ఉంది. లినక్స్‌కు ఆ గుర్తు అభ్యంతరం కాదు కానీ ఎక్స్‌ఫ్యాట్‌కూ విండోస్‌కూ ఫైలు పేరులో అది పనికిరాదు, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు కూడా అంతే. చాలామంది అక్కడ స్కిప్ నొక్కేసి, తరువాత ఫైళ్లు పోయాయని బాధపడతారు. అలాంటి ఫోల్డరు మొత్తాన్ని కుడి మీట నొక్కి జిప్‌గా కాకుండా టార్ కట్టగా చేసి, ఆ ఒక్క కట్టనూ కాపీ చేస్తే లోపలి పేర్లు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. కాపీ పూర్తయ్యాక రెండు వైపులా ఫోల్డరు పరిమాణాలు సరిచూసి, బయటి డిస్కును ఎజెక్ట్ చేసి, కేబులు ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఊడదీయమని ఎందుకంటున్నానో తరువాత చెబుతాను.

విండోస్ పక్కనే ఉంటే

మొదటి పరిస్థితి వారి సంగతి ఇక్కడే ముగించేస్తాను. వీరు చేసే తప్పు ఏమిటంటే, విండోస్‌లోకి వెళ్లి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ భాగాలను తీసేసి సంతోషంగా రీస్టార్ట్ చేస్తారు, వెంటనే నల్లని తెర మీద గ్రబ్ రెస్క్యూ అనే రెండు మాటలు, పక్కన మినుకుమనే గీత ప్రత్యక్షమవుతాయి. ఇల్లు కూల్చారు గానీ వీధి చివర బోర్డు తీయలేదన్నమాట. లాప్‌టాప్ ఇంకా ముందుగా లినక్స్ బూట్‌లోడరునే పిలుస్తోంది, అది తన మిగతా ఫైళ్ల కోసం వెతికి దొరక్క ఆగిపోయింది. విండోస్‌కు ఏమీ కాలేదు. ఆపి ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కి విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే మామూలుగా తెరుచుకుంటుంది. ఆ మీట డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్.

వరుస సరిగా ఉండాలంటే ముందు బయోస్‌లోకి, అంటే లాప్‌టాప్ సొంత సెట్టింగుల తెరలోకి, వెళ్లి బూట్ క్రమంలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తేవాలి. దానికంటే ముందు విండోస్ సెట్టింగులలో డిస్కుకు తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి కాగితం మీదికి ఎక్కించుకోవాలి, బూట్ క్రమం మారిందని అది అడ్డుపడి కీ అడిగే అవకాశం ఉంది. తరువాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరమూ ఫైల్‌సిస్టం పేరూ లేకుండా కనిపించే భాగాలను, లినక్స్‌లో ఉన్నప్పుడు రాసిపెట్టుకున్న పరిమాణాలతో పోల్చి గుర్తుపట్టి తీసేయాలి. ఈఎఫ్‌ఐ సిస్టం పార్టిషన్ అనీ రికవరీ పార్టిషన్ అనీ రాసి ఉన్నవాటి జోలికి పోకూడదు.

ఖాళీ అయిన చోటును సీ డ్రైవ్‌లో కలపాలంటే అది సీ పక్కనే కుడివైపు ఉండాలి. తరచుగా మధ్యలో రికవరీ భాగం అడ్డుగా కూర్చుంటుంది, అప్పుడు ఎక్స్‌టెండ్ మసకబారి ఉంటుంది. దానిని జరపడానికి లినక్స్‌ను డిస్కులో వేయకుండానే నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌లోని జీపార్టెడ్ అనే ప్రోగ్రాము పనికొస్తుంది కానీ, నేనైతే ఆ తలనొప్పి పెట్టుకోకుండా ఖాళీ చోటును డీ డ్రైవ్‌గా చేసుకుని ఫైళ్లు అందులో పెట్టుకుంటాను.

చివరగా ఈఎఫ్‌ఐ భాగంలో మిగిలిన ఉబుంటు ఫోల్డరు ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిస్కు భాగాలను సరిచేసే డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ కొట్టి, ఫ్యాట్32 అని ఉండే వంద నుంచి మూడు వందల ఎంబీల లోపు చిన్న భాగాన్ని ఎంచుకుని, అసైన్ లెటర్ ఆదేశంతో దానికి ఎస్ అనే అక్షరం ఇచ్చి, డిస్క్‌పార్ట్ నుంచి బయటికి వచ్చాక ఎస్ డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐ ఫోల్డరులో ఉన్న ఉబుంటు ఒక్కదాన్నే తొలగించాలి. పక్కనే ఉండే మైక్రోసాఫ్ట్, బూట్ ఫోల్డర్లు విండోస్‌వి. ఆ చిన్న ఫోల్డరు మిగిలిపోయినా నష్టమేమీ లేదు, ధైర్యం చాలని వారు ఈ ఒక్క మెట్టునూ వదిలేయవచ్చు.

లినక్స్‌లో కూర్చుని విండోస్ పెన్‌డ్రైవ్

ఇక డిస్కంతా లినక్స్ అయిపోయిన వారి దారి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. డెల్, హెచ్‌పీ, లెనోవోలు సర్వీస్ ట్యాగు లేదా సీరియల్ నంబరు చూసి ఆ మోడల్‌కు తగిన రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేసే ఉపకరణాలు ఇస్తాయి, ఫ్యాక్టరీలో వచ్చినట్టే కావాలనుకునేవారికి అవి సరైనవి, అయితే వాటికీ చాలావరకు విండోస్ ఉన్న మరో కంప్యూటరు కావాలి. స్నేహితుడి లాప్‌టాప్ అందుబాటులో లేని రాత్రి పదకొండు గంటలకు మనకున్నది మన లినక్సే.

మైక్రోసాఫ్ట్ విండోస్ 11 డౌన్‌లోడ్ పేజీని లినక్స్‌లోని బ్రౌజరుతో తెరిస్తే విండోస్ సెటప్ అంతా ఒకే కట్టగా ఉండే ఐఎస్‌ఓ ఫైలు నేరుగా ఇస్తుంది. ఎడిషన్లన్నీ కలిసి ఉన్న మల్టీ ఎడిషన్‌ను, భాషగా ఇంగ్లిష్‌ను ఎంచుకుంటే ఒక లింకు వస్తుంది, ఆ లింకు 24 గంటలే పనిచేస్తుంది. ఫైలు ఐదు నుంచి ఎనిమిది జీబీల దాకా ఉంటుంది. దిగాక, ఎస్‌హెచ్‌ఏ256సమ్ ఆదేశం పక్కన ఆ ఫైలు పేరు ఇచ్చి, వచ్చిన పొడవాటి వరుసను అదే పేజీలో ఇచ్చిన దానితో మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది అక్షరాలైనా సరిచూడాలి. మొబైల్ హాట్‌స్పాట్ మీద దించుకున్న ఫైలుకు ఇది తప్పనిసరి అంటాను, సగంలో తెగి అతుక్కున్న ఐఎస్‌ఓ ఇన్‌స్టలేషన్‌లో అరవై శాతం దగ్గర ఆగిపోయి మన సహనాన్ని పరీక్షిస్తుంది.

ఉబుంటు ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన పద్ధతే దీనికీ వాడితే బూట్ కాదు. లినక్స్ ఐఎస్‌ఓలు ఉన్నవి ఉన్నట్టు పెన్‌డ్రైవ్ మీదికి ముద్ర వేసినా బూటయ్యేలా తయారవుతాయి, విండోస్ ఐఎస్‌ఓ అలా తయారు కాదు. పోనీ పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి లోపలి ఫైళ్లు కాపీ చేద్దామంటే, సోర్సెస్ ఫోల్డరులోని ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైలు ఒక్కటే 4 జీబీలు దాటిపోతుంది, ఫ్యాట్32 అంత పెద్ద ఫైలును పట్టదు. ఈ రెండు చిక్కులనూ తప్పించేది వెంటాయ్ అనే ఉచిత ఉపకరణం. దాని లినక్స్ ప్యాకేజీ దించుకుని విప్పితే లోపల గ్రాఫికల్ ప్రోగ్రాము ఉంటుంది, తెరిచి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుని ఇన్‌స్టాల్ నొక్కాలి, పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నవన్నీ పోతాయి. ఆ తరువాత ఐఎస్‌ఓను పాటను కాపీ చేసినట్టుగా అందులోకి కాపీ చేస్తే పని అయిపోయింది. 16 జీబీల పెన్‌డ్రైవ్ అయితే పక్కన ఉబుంటు ఐఎస్‌ఓ కూడా పడుతుంది, ఏదైనా తేడా వస్తే లైవ్ లినక్స్‌లోకి తిరిగి రావడానికి అది తాడులా పనికొస్తుంది.

లినక్స్‌ను వదిలే ముందు ఇంకొక్కటి. పదకొండో తరం, ఆ తరువాతి ఇంటెల్ ప్రాసెసర్లున్న కొన్ని లాప్‌టాప్‌లలో వీఎండీ అనే స్టోరేజీ అమరిక ఆన్‌లో ఉంటుంది, దాని డ్రైవరు లేకపోతే విండోస్ సెటప్‌కు లోపలి డిస్కే కనిపించదు. మీ మోడల్ పేజీ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవరును, వైఫై డ్రైవరును దించి, విప్పి, ఫోల్డర్లుగా అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది.

విండోస్ వేయడం

చార్జరు పెట్టే ఉంచాలి. ఈదురుగాలులు, వాన ఉన్న సాయంత్రం ఈ పని మొదలుపెట్టకండి, బ్యాటరీ వీకైన లాప్‌టాప్ సగంలో కరెంటు పోతే మొదటికొస్తుంది. పెన్‌డ్రైవ్ వదులుగా ఉండే పోర్టులో గుచ్చకూడదు. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి యూఎస్‌బీ పోర్టుల లోపలి రేకులు మసకబారి, చిన్న కదలికకే సంబంధం తెగుతుంటుంది, అందుకని రెండో వైపు పోర్టును ప్రయత్నించండి.

బయోస్‌లోకి వెళ్లి, బూట్ పద్ధతి యూఈఎఫ్‌ఐలో ఉందో లేదో చూసి, సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆఫ్ చేయాలి. ఇలా చేస్తే వెంటాయ్ తన కీని నమోదు చేయమని అడగదు. తరువాత బూట్ మెనూలో పెన్‌డ్రైవ్‌ను, వెంటాయ్ తెరలో విండోస్ ఐఎస్‌ఓను ఎంచుకుంటే సెటప్ మొదలవుతుంది. ఫర్మ్‌వేర్‌లో కీ ఉంటే సెటప్ సాధారణంగా కీని గానీ ఎడిషన్‌ను గానీ అడగకుండానే ముందుకు పోతుంది, అడిగితే ఇందాక రాసుకున్నదాన్ని ఇవ్వండి.

డిస్కు ఎంచుకునే తెర దగ్గర ఆగాలి. ఏ డిస్కూ కనిపించకపోతే లోడ్ డ్రైవర్ నొక్కి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న వీఎండీ ఫోల్డరు చూపించాలి. కనిపిస్తే ఆ డిస్కులోని పార్టిషన్లను ఒక్కొక్కటిగా ఎంచుకుని డిలీట్ చేస్తూ పోయి, అంతా ఒకే ఖాళీ చోటుగా మారాక దానినే ఎంచుకుని ముందుకు వెళితే చాలు. ఈఎఫ్‌ఐ భాగం, 16 ఎంబీల రిజర్వ్‌డ్ భాగం, సీ డ్రైవ్, రికవరీ భాగం అన్నిటినీ సెటప్ తానే కట్టుకుంటుంది. పాత ఎంబీఆర్ తరహా పార్టిషన్ల పట్టిక ఉన్న డిస్కులో వేయలేనని, కొత్త జీపీటీ తరహా కావాలని అభ్యంతరం చెప్పినప్పుడు మాత్రం షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కి నల్ల కిటికీ తెరిచి డిస్క్‌పార్ట్‌లోకి వెళ్లాలి. అక్కడ లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్, కన్వర్ట్ జీపీటీ అనే నాలుగు ఆదేశాలు వరుసగా ఇవ్వాలి.

ఈ నాలుగింటిలో రెండోది కొట్టే ముందు నా అనుభవం వినండి. డిస్క్ 0 అంటే ఎప్పుడూ లాప్‌టాప్ లోపలిదేనని నాకొక నమ్మకం ఉండేది. ఒకసారి ఫైళ్లు దాచుకున్న బయటి హార్డ్‌డిస్కును ఊడదీయకుండానే ఆన్ చేసి, లిస్ట్ డిస్క్ కొట్టి, వచ్చిన పట్టిక మీద సగం చూపు వేసి, అలవాటుగా సున్నాను ఎంచుకుని క్లీన్ కొట్టాను. డిస్క్‌పార్ట్ నిజమేనా అని అడగదు, ఒక్క క్షణంలో విజయవంతంగా శుభ్రం చేశానని చెప్పింది. అప్పుడు మళ్లీ పట్టిక చూస్తే ఆ రోజు సున్నా పక్కన ఉన్న అంకె 931 జీబీ, ఒకటి పక్కన 476 జీబీ. నా లాప్‌టాప్‌లో ఉన్నది 512 జీబీల ఎస్‌ఎస్‌డీ, విండోస్ లెక్కలో అదే 476. ఒక టెరాబైటు అని అమ్మేది 931. అంటే పదేళ్ల ఫొటోలున్న బయటి డిస్కును తుడిచేశాను. క్లీన్ ఆదేశం పార్టిషన్ల పట్టికను మాత్రమే చెరుపుతుంది, క్లీన్ ఆల్ అయితే ప్రతి సెక్టారు మీదా సున్నాలు రాస్తుంది, నా అదృష్టం కొద్దీ నేను కొట్టింది మొదటిది. లైవ్ లినక్స్‌లోకి వెళ్లి టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాముతో పాత పట్టికను కనుక్కుని తిరిగి రాయించేసరికి తెల్లవారింది. అందుకే బయటి డిస్కు బీరువాలో ఉండాలి, అంకె కంటే పరిమాణాన్ని చూసి డిస్కును గుర్తుపట్టాలి. పెన్‌డ్రైవ్ కూడా పట్టికలో కనిపిస్తుంది, 32 జీబీలది 28 లేదా 29గా చూపిస్తుంది.

తెరుచుకున్న తరువాత

ఫైళ్లు ఎక్కి రెండు మూడు సార్లు రీస్టార్ట్ అయ్యాక భాష, దేశం అడిగి, ఇంటర్నెట్ అడుగుతుంది. వైఫై డ్రైవరు లేక జాబితా ఖాళీగా ఉంటే ఫోన్‌ను కేబులుతో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే సరిపోతుంది. డెస్క్‌టాప్ రాగానే సెట్టింగులలో యాక్టివేషన్ పేజీ చూడండి. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందని ఉండాలి. లేకపోతే పది నిమిషాలు ఆగి ట్రబుల్‌షూట్ నొక్కాలి, అప్పటికీ కాకపోతే వేసిన ఎడిషన్ తేడా అయి ఉంటుంది.

ఆపైన విండోస్ అప్‌డేట్‌ను రెండు మూడు విడతలుగా నడవనిస్తే డ్రైవర్లు చాలావరకు అదే తెచ్చుకుంటుంది. టచ్‌ప్యాడ్ వేళ్ల సైగలు, వేలిముద్ర, ఎఫ్ఎన్ మీటలు పనిచేయకపోతే కంపెనీ మద్దతు పేజీలో సీరియల్ నంబరు ఇచ్చి మిగిలినవి దించుకోవాలి. లాప్‌టాప్‌తోపాటు ఆఫీస్ వచ్చి ఉంటే అది మొదటిసారి తెరిచినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాకు కట్టుబడి ఉంటుంది, ఆ ఖాతాతోనే సైన్ ఇన్ కావాలి.

గడియారం ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ కాలాన్ని ఉంచుతుంది, విండోస్ అదే మన కాలమనుకుంటుంది. మధ్యాహ్నం రెండున్నర అయితే పొద్దున్న తొమ్మిది అని చూపిస్తుంది. తేదీ, సమయం సెట్టింగులలో సింక్ నౌ నొక్కితే సరిపోతుంది. కాలం తప్పుగా ఉన్నంతసేపూ కొన్ని వెబ్‌సైట్లు భద్రత లేదని మొరాయిస్తాయి కాబట్టి యాక్టివేషన్‌కు ముందే ఇది చూసుకున్నా మంచిదే.

బయోస్‌లో సెక్యూర్ బూట్‌ను తిరిగి ఆన్ చేయడం మరచిపోకూడదు, అక్కడే బూట్ జాబితాలో ఇంకా ఉబుంటు పేరు కనిపిస్తే తొలగించవచ్చు. ఆ తరువాత సెట్టింగులలో డివైస్ ఎన్‌క్రిప్షన్ చూడండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన విండోస్ 11 చాలా లాప్‌టాప్‌లలో డిస్కును మనకు చెప్పకుండానే తాళం వేసేస్తుంది. రేపు మళ్లీ లినక్స్ వేద్దామని బూట్ సెట్టింగులు కదిపితే 48 అంకెలు అడుగుతుంది. మా మేనల్లుడి చేత ఆ అంకెలను ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా లాప్‌టాప్ బిల్లు వెనక రాయించి, ఆ బిల్లును వాళ్లమ్మ దగ్గర పెట్టించాను. పరీక్ష సాఫ్ట్‌వేరు ఆదివారం మధ్యాహ్నానికల్లా తెరుచుకుంది. బయటి డిస్కులోని టార్ కట్టను ఇంకా విప్పలేదు, విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరర్ దానిని తెరుస్తుంది గానీ, రెండు చుక్కలున్న ఆ పేర్లను విప్పేటప్పుడు మార్చక తప్పదు.